నాలుక కింది మాత్ర: గుండెనొప్పిలో అది చేసేదేమిటి, చేయలేనిదేమిటి?



ఆదివారం దివ్యబలిపూజ జరుగుతోంది. గుడి నిండా జనం. సువిశేష పఠనానికి అందరూ లేచి నిలబడ్డారు. ఐదో వరుసలోని పెద్దాయన ఒక్కరే బల్లమీద కూర్చుండిపోయి, అరచేతిని రొమ్ముకు అదుముకుంటున్నారు. నుదుట చెమట పట్టింది. ఇంతకుముందెప్పుడూ ఆయనకిలా కాలేదు. పక్కనున్న అబ్బాయి, "గ్యాస్ అయ్యుంటుంది బాబాయ్, బయటకెళ్లి సోడా తాగితే సర్దుకుంటుంది" అన్నాడు. వెనుక వరుసలోని ఒక తల్లి తన భర్తకు డాక్టరుగారు రాసిచ్చిన సార్బిట్రేట్ మాత్రను సంచిలోనుండి తీసి, "అన్నయ్యగారూ, ఇది నాలుక కింద పెట్టుకోండి" అని ఇచ్చింది. కాసేపటికి నొప్పి తగ్గినట్టనిపించింది. "దేవుని దయవల్ల గండం గడిచింది" అనుకొని ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి పడుకొన్నారు.

ఇది ఏ ఒక్క విచారణలోనో జరిగిన సంగతి కాదు. మన గుళ్లలో, మన ఇళ్లలో ఎక్కడైనా జరగగలిగిన సంగతి. ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అయినా ముగ్గురూ పొరబడ్డారు. ఎక్కడ పొరబడ్డారో ఈ పాఠం ముగిసేసరికి మీరే చెప్పగలుగుతారు.

ఆంజైనా అంటే ఏమిటి?

గుండె కూడా ఒక కండరమే. ఒంటికంతటికీ రక్తాన్ని పంపే ఆ కండరానికి కూడా రక్తం కావాలి. దానికోసం గుండెపైన రెండు ముఖ్యమైన రక్తనాళాలు, వాటి కొమ్మలు ఉన్నాయి. వీటినే హృదయ ధమనులు అంటారు. వయసు, పొగతాగడం, షుగరు, బి.పి., కొలెస్ట్రాల్ మొదలైన కారణాలవల్ల ఈ నాళాల లోపలిగోడలో కొవ్వు పేరుకొని దారి ఇరుకవుతుంది. కూర్చున్నప్పుడు ఆ ఇరుకుదారిలో వచ్చే రక్తం సరిపోతుంది. మెట్లెక్కినా, బరువు మోసినా, కోపం వచ్చినా, కడుపునిండా తిని వెంటనే నడిచినా గుండె ఎక్కువ పనిచేయాలి. అప్పుడు రక్తం చాలదు. ఆ కొరతను గుండె నొప్పి రూపంలో తెలియజేస్తుంది. ఇదే ఆంజైనా.

1768లో లండన్‌లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు ఈ జబ్బును వైద్యుల సభలో వివరంగా వర్ణించి, దానికి ఈ పేరు పెట్టాడు. నడిచేటప్పుడు రావడం, ఆగితే పోవడం దీని గుర్తు అని ఆయన అప్పుడే గమనించాడు. నొప్పి సూదితో పొడిచినట్టు ఉండనక్కరలేదు. రొమ్ము మధ్య బరువు పెట్టినట్టు, పట్టేసినట్టు, మండినట్టు ఉండవచ్చు. ఎడమచేతికి, భుజానికి, దవడకు, వీపుకు పాకవచ్చు. ఆడవారిలో, షుగరున్నవారిలో, వృద్ధుల్లో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, చెమట, వికారం మాత్రమే కనిపించవచ్చు.

కొన్ని నెలలుగా ఒకే తీరుగా, ఇంత శ్రమ చేస్తే వస్తుంది, కాసేపు ఆగితే పోతుంది అన్నట్టుండేది నిలకడైన ఆంజైనా. కొత్తగా మొదలైనా, కూర్చున్నప్పుడు వచ్చినా, రోజురోజుకూ ఎక్కువవుతున్నా అది నిలకడ తప్పిన ఆంజైనా. గుండెపోటుకు ముందు మెట్టు అదే కావచ్చు. కనుక ఆలస్యం చేయరాదు.

పేలుడు పదార్థం ఔషధమైన వైనం

తెలుగులో "మందు" అనే మాటకు రెండర్థాలున్నాయి. తుపాకిలో కూరేదీ మందే, ఒంట్లో జబ్బుకు వాడేదీ మందే. విచిత్రమేమిటంటే ఆంజైనాకు వాడే నైట్రోగ్లిజరిన్‌లో ఈ రెండర్థాలూ కలిశాయి.

ఇటలీలోని ట్యూరిన్ నగరంలో 1847లో ఆస్కానియో సొబ్రేరో అనే రసాయన శాస్త్రవేత్త దీనిని మొదట తయారుచేశాడు. కాస్త నాలుకపై పెట్టుకొని చూస్తే విపరీతమైన తలనొప్పి వచ్చింది. ఆ తలనొప్పి ఎందుకు వచ్చిందో ముందు ముందు చూద్దాం. కొంచెం కదిలిస్తే పేలిపోయే ఈ ద్రవాన్ని ఒక రకం మట్టిలో కలిపి, స్వీడన్ దేశస్థుడు ఆల్ఫ్రెడ్ నోబెల్ 1867లో డైనమైట్ చేశాడు. అదే సంవత్సరం స్కాట్లండ్‌లోని ఎడింబరోలో లాడర్ బ్రంటన్ అనే యువ వైద్యుడు ఇదే కోవకు చెందిన అమైల్ నైట్రైట్‌ను వాసన చూపించి ఆంజైనా నొప్పిని తగ్గించాడు. 1879లో లండన్ వైద్యుడు విలియం మరెల్, నైట్రోగ్లిజరిన్‌ను కొద్ది మోతాదులో ఇస్తే ఆంజైనా తగ్గుతుందని లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించాడు.

డైనమైట్ తయారుచేసిన నోబెల్‌గారికే చివరిదశలో గుండెజబ్బు వచ్చింది. 1896లో వైద్యులు ఆయనకు నైట్రోగ్లిజరిన్ రాశారు. జనం భయపడకుండా దానికి ట్రైనైట్రిన్ అని వేరే పేరు పెట్టారని, ఇది విధివిలాసమని ఆయన ఒక ఉత్తరంలో రాసుకొన్నాడు. ఆ సంవత్సరమే డిసెంబరు 10న మరణించాడు. ఆయన పేరిట ఇచ్చే బహుమానమే 1998లో వైద్యశాస్త్రంలో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు లభించింది. నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు మన రక్తనాళాలను వదులుచేస్తుందని వారు కనుగొన్నారు. నైట్రోగ్లిజరిన్ పనిచేసేది ఆ వాయువు ద్వారానే. అంటే, మందు వాడుకలోకి వచ్చిన దాదాపు వందేళ్ల తరువాత గాని అది ఎలా పనిచేస్తుందో తెలియలేదు.

మాత్రలో ఉండే నైట్రోగ్లిజరిన్ చాలా తక్కువ. అదీ వేరే పొడిలో కలిసి ఉంటుంది. కనుక జేబులో పేలుతుందేమోనన్న భయం అక్కరలేదు.

బండిమీది బస్తాలు దించినట్టు

మన దేశంలో ఇళ్లలో ఎక్కువగా కనిపించే సార్బిట్రేట్‌లో ఉండేది ఐసోసార్బైడ్ డైనైట్రేట్. రోజూ మింగే మాత్రల్లో ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ ఉంటుంది. నైట్రోగ్లిజరిన్ నాలుక కింద పెట్టే మాత్రగా, నోట్లో కొట్టుకొనే స్ప్రేగా, చర్మానికి అంటించే పట్టీగా, ఆసుపత్రిలో సెలైన్‌లా ఎక్కించే మందుగా దొరుకుతుంది. వీటన్నిటినీ కలిపి నైట్రేట్లు అంటారు.

ఒంట్లోకి వెళ్లాక ఇవి నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి. రక్తనాళాల గోడల్లోని కండరం సడలుతుంది. ముఖ్యంగా సిరలు వెడల్పవుతాయి. కాళ్లలో, పొట్టలో కొంత రక్తం నిలిచి, గుండెకు తిరిగివచ్చే రక్తం కొంత తగ్గుతుంది. ఆ మేరకు గుండె తోడవలసిన పని తగ్గుతుంది. హృదయ ధమనులు కూడా కొంత విచ్చుకొని గుండెకు రక్తం మెరుగ్గా అందుతుంది.

ఎగుడు దారిలో బరువు లాగలేక ఎద్దు ఆగిపోయిందనుకోండి. ముల్లుకర్రతో పొడిస్తే లాభం లేదు. బండిమీద నాలుగు బస్తాలు దించితే ఊపిరి పీల్చుకొంటుంది. నైట్రేట్ గుండెకు చేసే సాయం అలాంటిదే. అది గుండెకు కొత్త బలం ఇవ్వదు, బరువు దించుతుంది.

ఆంజైనాలోనే కాదు, గుండె బలహీనమై ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడనప్పుడు కూడా ఆసుపత్రిలో నైట్రోగ్లిజరిన్ ఎక్కిస్తారు. గుండె వైఫల్యం ఉన్న కొందరికి డైనైట్రేట్‌ను హైడ్రాలజీన్ అనే మరో మందుతో కలిపి ఇస్తారు. ఇవి వైద్యుల పర్యవేక్షణలో జరగవలసిన చికిత్సలు.

తలలోని రక్తనాళాలు కూడా వదులవుతాయి గనుక తలనొప్పి వస్తుంది. సొబ్రేరోకు వచ్చినది అదే. ముఖం వేడెక్కడం, కళ్లు తిరగడం కూడా మామూలే. చాలామందిలో కొద్దిరోజులకు ఇవి తగ్గుతాయి. తలనొప్పికి భయపడి మాత్ర మానేయకండి. డాక్టరుగారితో చెబితే మోతాదు సర్దుతారు.

నొప్పి వచ్చినప్పుడు ఏం చేయాలి?

ఈ సూచనలు, తమకు ఆంజైనా ఉందని వైద్యుడు నిర్ధారించి, నాలుక కింద మాత్ర రాసిచ్చినవారికి.

మొదట, చేస్తున్న పని ఆపి కూర్చోండి. నిలబడి మాత్ర వేసుకొంటే బి.పి. ఒక్కసారిగా తగ్గి పడిపోవచ్చు. నోట్లో వక్క, కిళ్లీ ఉంటే ఉమ్మేయండి. నోరు ఎండిపోయి ఉంటే ఒక గుక్క నీళ్లతో తడుపుకోండి. మాత్రను నాలుక కింద పెట్టుకొని కరగనివ్వండి. మింగకండి. నాలుక కింది పలుచని పొరగుండా మందు నేరుగా రక్తంలోకి వెళ్తుంది. మింగితే కడుపులోనుండి కాలేయానికి చేరి, అక్కడ చాలాభాగం విరిగిపోతుంది. పైగా ఆలస్యమవుతుంది. నైట్రోగ్లిజరిన్ ఒకటి నుండి మూడు నిమిషాల్లో పనిచేయడం మొదలుపెడుతుంది. డైనైట్రేట్‌కు మరికొంచెం సమయం పట్టవచ్చు.

గడియారం చూడండి. ఐదు నిమిషాలైనా నొప్పి తగ్గకపోతే, లేదా పెరుగుతుంటే, ఇంకో మాత్ర వేసి చూద్దామని ఆగకండి. వెంటనే 108కి ఫోను చేయండి. అంబులెన్సు వచ్చేలోగా, కళ్లు తిరగకుండా ఉంటే, వైద్యుడు ముందే చెప్పిన ప్రకారం ఐదేసి నిమిషాల ఎడంతో మరో రెండు మాత్రలవరకు వాడవచ్చు. మొత్తం మూడుకు మించరాదు. రోగి తానే మోటారుసైకిలు నడుపుకొంటూ ఆసుపత్రికి వెళ్లరాదు. కళ్లు బైర్లు కమ్మితే పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టండి.

ఎప్పుడూ గుండెజబ్బు లేనివారికి మొదటిసారి ఇలాంటి నొప్పి వస్తే, మాత్ర కోసం వెదకడం కాదు, నేరుగా 108కి ఫోను చేయడమే సరైన పని.

నొప్పి రాకముందే వేసుకొనే పద్ధతి కూడా ఉంది. ఫిబ్రవరిలో గుణదలమాత ఉత్సవాలకు వెళ్లి కొండ ఎక్కాలని ఎందరికో కోరిక. మెట్లెక్కితే నొప్పి వస్తుందని తెలిసినవారు ముందుగా డాక్టరుగారిని అడగాలి. ఆయన ఎక్కవచ్చునంటే, ఎక్కడానికి కొన్ని నిమిషాల ముందు ఒక మాత్ర వేసుకోమని చెప్పవచ్చు. వద్దంటే, కొండకిందనే నిలబడి ప్రార్థించినా ఆ తల్లి ఆలకిస్తుంది.

రోజూ మింగే మాత్రలకు వేళలెందుకు?

డైనమైట్ కర్మాగారాల్లో పనిచేసేవారిలో ఒక వింత కనిపించేది. సోమవారం పనిలో దిగగానే తలనొప్పి. వారం గడిచేకొద్దీ తలనొప్పి ఉండదు. ఆదివారం సెలవు, సోమవారం మళ్లీ తలనొప్పి. కొందరికి పనిలేని రోజున ఛాతీనొప్పి వచ్చేది. గాలిలోని నైట్రేట్‌కు ఒళ్లు అలవాటుపడటం, అది హఠాత్తుగా అందకపోవడం దీనికి కారణం.

దీనినుండి రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, నైట్రేట్ రాత్రింబగళ్లు ఆగకుండా ఒంట్లో ఉంటే పనిచేయడం మానేస్తుంది. అందుకే రోజులో 10 నుండి 14 గంటలసేపు మందు లేని విరామం ఉండేలా వైద్యులు వేళలు నిర్ణయిస్తారు. మామూలు మోనోనైట్రేట్ మాత్రను రోజుకు రెండుసార్లు రాస్తే, తరచుగా ఉదయం 8కి, మధ్యాహ్నం 3కి వేసుకోమంటారు. "ఉదయం, రాత్రి వేసుకొంటే లెక్క కుదురుతుంది కదా" అని కొందరు మార్చేస్తారు. అది తప్పు. చర్మానికి అంటించే పట్టీని రాత్రి తీసేయమనడం కూడా ఇందుకే. నిదానంగా కరిగే మాత్రను నమలరాదు, నూరరాదు. రెండవది, రోజూ వాడే నైట్రేట్‌ను ఉన్నట్టుండి మానరాదు. మానితే నొప్పి తిరగబెడుతుంది.

ఎవరికి ప్రమాదం?

మగవారి లైంగిక బలహీనతకు వాడే సిల్డెనఫిల్, టడలఫిల్ వంటి మాత్రలతో నైట్రేట్ కలిస్తే బి.పి. ప్రాణాపాయకరంగా పడిపోతుంది. సిల్డెనఫిల్ వేసుకొన్న 24 గంటలలోపు, టడలఫిల్ వేసుకొన్న 48 గంటలలోపు నైట్రేట్ వాడరాదు. ఊపిరితిత్తుల బి.పి.కి కూడా ఈ మందులు ఇస్తారు. సిగ్గుపడి డాక్టరుగారి దగ్గర ఈ సంగతి దాచినవారు ప్రాణానికే ముప్పు తెచ్చుకొంటారు. సిగ్గు విడిచి చెప్పండి. భార్యలు కూడా ఈ విషయం తెలిసి ఉండడం మంచిది.

బి.పి. బాగా తక్కువగా ఉన్నవారికి, గుండె కవాటం బాగా ఇరుకైనవారికి, గుండె కండరం దళసరెక్కి రక్తం బయటకు వెళ్లే దారికి అడ్డుపడే జబ్బున్నవారికి నైట్రేట్ హాని చేయవచ్చు. గుండె కుడివైపు గదికి దెబ్బతగిలిన గుండెపోటులో ఇస్తే బి.పి. కుప్పకూలుతుంది. అది ఇ.సి.జి. తీస్తేగాని తెలియదు. మద్యం తాగి నైట్రేట్ వేసుకోవడమూ ప్రమాదమే.

మాత్రను ఎక్కడ దాచాలి?

ఇనుపబీరువాలో తాళంవేసి దాచిన మాత్ర గుళ్లో వచ్చిన నొప్పికి పనికిరాదు. రోగి ఎక్కడ ఉంటే మాత్ర అక్కడ ఉండాలి. నైట్రోగ్లిజరిన్ మాత్రలు వెలుతురుకు, వేడికి, గాలికి త్వరగా చెడిపోతాయి. అవి వచ్చిన గాజుసీసాలోనే, మూత బిగించి ఉంచాలి. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చరాదు. సీసాలో దూది పెట్టరాదు. పొయ్యిగట్టుపైన, ఎండలో నిలిపిన కారులో ఉంచరాదు. మాత్రల అట్టపై ఉన్న గడువు తేదీని నెలకోసారి చూడండి. ఎక్కడ ఉందో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ తెలియాలి గాని, చిన్నపిల్లల చేతికి అందకూడదు.

ఈ మాత్ర చేయలేనిది

ఇప్పుడు అసలు సంగతి. బస్తాలు దించితే ఎద్దు ఊపిరి పీల్చుకొంటుంది, కాని దారిలోని గొయ్యి పూడదు. నైట్రేట్ నొప్పిని తగ్గిస్తుంది, రక్తనాళంలోని అడ్డును తీయదు. గుండెపోటు వచ్చిన వేలమందికి నైట్రేట్ ఇచ్చి పరిశీలించిన రెండు పెద్ద అధ్యయనాలు 1994లో, 1995లో వెలువడ్డాయి. అందరికీ మామూలుగా నైట్రేట్ ఇచ్చినందువల్ల చెప్పుకోదగినంతగా మరణాలు తగ్గలేదని అవి తేల్చాయి. ప్రాణరక్షణకు తోడ్పడేవి వేరే ఉన్నాయి. ఆస్ప్రిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు, బి.పి., షుగరు అదుపు, పొగాకు మానడం, అవసరమైనవారికి స్టెంటు లేదా బైపాస్ శస్త్రచికిత్స. నొప్పి లేదు గదా అని ఆ మిగిలిన మాత్రలు మానేసి, సార్బిట్రేట్ ఒక్కటి జేబులో పెట్టుకొని ధీమాగా తిరగడం తెలివైన పని కాదు.

ఇంకొక భ్రమ కూడా పోవాలి. నాలుక కింద మాత్ర పెడితే తగ్గింది గనుక గుండెనొప్పే అనిగాని, తగ్గలేదు గనుక గ్యాసే అనిగాని చెప్పలేము. ఈ మాత్ర అన్నవాహికను కూడా సడలిస్తుంది. గుండెపోటు నొప్పి కూడా కాసేపు తగ్గి మళ్లీ రావచ్చు. నిర్ధారించవలసినది ఇ.సి.జి., రక్తపరీక్ష, వైద్యుడు.

ఉపవాసం, సత్ప్రసాదం, మందు

"సత్ప్రసాదం తీసుకోవాలి గనుక పొద్దున మాత్ర వేసుకోలేదు" అనే పెద్దలు మన విచారణల్లో ఇంకా ఉన్నారు. వారి భక్తి గొప్పదే, కాని తిరుసభ వారిని అలా అడగలేదు. 1983 నాటి తిరుసభ చట్టం, 919వ సూత్రం ప్రకారం దివ్యసత్ప్రసాదానికి ముందు ఒక గంట ఉపవాసం ఉండాలి. నీరు, మందు ఆ ఉపవాసాన్ని భంగపరచవు. వృద్ధులు, రోగులు, వారికి సేవచేసేవారు ఆ గంటలో ఆహారం తీసుకొన్నా సత్ప్రసాదం స్వీకరించవచ్చు. తపస్కాల ఉపవాస నియమం 60వ ఏట ప్రవేశించినవారికి వర్తించదు. ఆ వయసులోపువారైనా రోగులు మినహాయింపు పొందుతారు. విభూది బుధవారంనాడైనా, పవిత్ర శుక్రవారంనాడైనా గుండెమాత్ర మానరాదు. మోకరించలేనివారు కూర్చొనే ప్రార్థించవచ్చు. మాత్ర వేసుకొన్నాక మోకాళ్లమీదినుండి గబుక్కున లేవకండి.

సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం వైద్యుని గౌరవించమని, మందులను భూమినుండి పుట్టించినవాడు దేవుడే అని బోధిస్తుంది. అదే అధ్యాయం రోగిని ప్రార్థించమని కూడా చెబుతుంది. ప్రార్థన, వైద్యం ఒకదానికొకటి పోటీ కాదు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం కూడా ప్రాణం పోయే ఘడియకోసం దాచిపెట్టుకొనేది కాదు. గుండెజబ్బు తీవ్రమైనవారు, పెద్ద శస్త్రచికిత్సకు వెళ్లేవారు ముందుగానే విచారణ గురువులను అడగవచ్చు.

మళ్లీ ఆ గుడిలోకి

ఇప్పుడు ఆ ఐదో వరుస దగ్గరకు వెళ్దాం. పక్కనున్న అబ్బాయి గ్యాస్ అని తానే నిర్ణయించాడు. వెనుకనున్న తల్లి, ఆయన బి.పి. ఎంతో, ఏ మందులు వాడుతున్నాడో తెలియకుండా ఇంకొకరి మాత్ర ఇచ్చింది. పెద్దాయన నొప్పి తగ్గింది గనుక జబ్బు తగ్గిందనుకొన్నారు. మొదటిసారి వచ్చిన నొప్పి, చెమటతో వచ్చిన నొప్పి అది. చేయవలసినది ఒక్కటే: కూర్చోబెట్టి, 108కి ఫోను చేసి, ఇ.సి.జి. తీసే ఆసుపత్రికి చేర్చడం. పూజ మధ్యలో లేచి వెళ్లినందుకు దేవుడు తప్పుపట్టడు. గుండెపోటులో కండరం నిమిషనిమిషానికీ చచ్చిపోతుంది. త్వరగా చేరినవారికే వైద్యులు ఎక్కువ మేలు చేయగలుగుతారు.

ఇంట్లో అందరూ కలిసి గుర్తుంచుకోవలసినవి

1. నాలుక కింద మాత్ర ఎవరికి రాశారో వారికే. ఇంకొకరికి ఇవ్వరాదు.
2. కూర్చొని వేసుకోవాలి, మింగరాదు, ఐదు నిమిషాలు చూడాలి, తగ్గకపోతే 108.
3. మొదటిసారి వచ్చిన ఛాతీనొప్పికి ఇంటివైద్యం వద్దు.
4. రోజూ వాడే నైట్రేట్ వేళలు మార్చరాదు, హఠాత్తుగా మానరాదు.
5. వాడే మందులన్నీ ఒక చీటీమీద రాసి మాత్రలతోపాటు ఉంచండి. ఏదీ దాచకుండా డాక్టరుగారికి చూపండి.
6. నొప్పి వచ్చే తీరు మారితే ఆ రోజే వైద్యుని కలవండి.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక, ఇంట్లో గుండెజబ్బున్న పెద్దలను ఒక్క మాట అడగండి: "నాన్నా, నీ మాత్ర ఎక్కడుంది? దాని గడువు తేదీ ఎంత?" లేచి వెళ్లి ఆ మాత్రను చేతిలోకి తీసుకొని చూడండి. వైద్యులకు పాలకుడైన పునీత లూకాగారి ప్రార్థనాసహాయం మన రోగులందరికీ లభించును గాక.